డబ్బా మీద 7.1, చెవులు మాత్రం రెండే

సంపాదకులకు నమస్కారాలు.

ఇంజినీరింగు రెండో సంవత్సరం చదువుతున్న మా మనవడు కిందటి నెలలో నగరంలోని ఒక కంప్యూటర్ దుకాణంలో 5,200 రూపాయలు పెట్టి హెడ్‌ఫోన్స్ కొన్నాడు. డబ్బా మీద ‘7.1 సరౌండ్ సౌండ్’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంది. రెండు రోజులు గడిచేసరికి వాటిని బల్ల మీద పెట్టేసి, పాత ఇయర్‌ఫోన్స్‌తోనే సినిమా చూస్తున్నాడు. ఏమైందని అడిగితే, “మాటలన్నీ బావిలోంచి వస్తున్నట్టున్నాయి తాతయ్యా, పీస్ బాగా లేదేమో” అన్నాడు. దుకాణానికి తిరిగి వెళ్తే, ఇంకో రెండు వేలు వేసుకుంటే ‘ఒరిజినల్ సరౌండ్’ వస్తుందని చెప్పి పంపించారు.

నేను ముప్పయ్యేళ్లకు పైగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. ఒక ఆదివారమంతా ఆ హెడ్‌ఫోన్స్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఒక్కొక్క సెట్టింగ్ మారుస్తూ విన్నాను. సాయంత్రానికి తేలిందేమిటంటే, ఆ పీస్‌లో ఏ లోపమూ లేదు. లోపం దాన్ని అమ్మిన తీరులో ఉంది. హెడ్‌ఫోన్స్‌లో మన చుట్టూ తిరిగే ధ్వని అనేది ఆ డబ్బాలో పెట్టి అమ్మే వస్తువు కాదు. అది కంప్యూటర్ మన చెవుల కోసం చేసే ఒక లెక్క. ఆ లెక్కలో ఒక రకం మా మనవడి కంప్యూటర్‌లో పైసా ఖర్చు లేకుండా ముందు నుంచే ఉంది. ఈ సంగతి కొనేవారికి చెప్పే బాధ్యతను ఎవరూ తీసుకోవడం లేదన్నదే ఈ లేఖ రాయడానికి కారణం.

మనకు ఉన్నవి రెండే చెవులు. ఆ రెంటితోనే వెనక నుంచి వచ్చే ఆటో హారన్‌నూ, పై అంతస్తులో బిందె పడిన చప్పుడునూ, పక్క వాటాలో కుక్కర్ కూతనూ కళ్లు మూసుకుని కూడా ఎటు నుంచి వచ్చాయో చెప్పగలుగుతున్నాం. దశరథ మహారాజు చీకట్లో, నీళ్లలో కుండ ముంచిన చప్పుడును బట్టి బాణం వేశాడని చిన్నప్పటి నుంచి విన్నాం. ఆ చప్పుడు ఏనుగుదనుకోవడంలో ఆయన పొరబడ్డాడు గానీ దిక్కు విషయంలో పొరబడలేదు. చెవి దిక్కును ఎలా పసిగడుతుందో ఇంగ్లాండుకు చెందిన భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో వివరించాడు. కుడి పక్క నుంచి వచ్చిన ధ్వని ముందుగా కుడి చెవిని తాకుతుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో పోతుంది, మన తల వెడల్పు జానెడుకు లోపే, కాబట్టి అది తల చుట్టి ఎడమ చెవిని చేరడానికి పట్టే అదనపు కాలం మహా అయితే 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు. ఇంత చిన్న ఆలస్యాన్ని మెదడు పట్టుకోగలగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. సుమారు 1,500 హెర్ట్జ్‌ల (సెకనుకు అన్ని కంపనాల) లోపు ధ్వనులకు ఈ ఆలస్యమే ప్రధానమైన ఆనవాలు. అంతకు మించిన ధ్వనులకు తల అడ్డుపడటం వల్ల అవతలి చెవిలో వాటి బలం తగ్గడం ఆనవాలు.

అయితే ముందా వెనకా, పైనా కిందా అన్నది తేల్చడానికి ఈ రెండూ చాలవు. అక్కడ చెవి డొప్ప పనికొస్తుంది. దాని మడతలూ గుంటలూ, ధ్వని ఏ దిక్కు నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి, అందులోని కొన్ని పౌనఃపున్యాలను హెచ్చించి కొన్నిటిని తగ్గించి లోపలికి పంపుతాయి. నేను పనిచేసిన రోజుల్లో విద్యార్థులను గోల్కొండ కోటకు తీసుకువెళ్లేవాణ్ని. ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు దాదాపు కిలోమీటరు దూరంలోని బాలాహిస్సారులో వినిపించడం చూపించాక, ఒక చెట్టు కింద పిల్లలను కూర్చోబెట్టి, ఒక్కొక్కరి కళ్లకు గుడ్డ కట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి, దిక్కును వేలితో చూపించమనేవాణ్ని. కుడి ఎడమల దగ్గర ఎవరూ తప్పేవారు కాదు. సరిగ్గా ముఖానికి ఎదురుగానో వీపు వెనకనో కొట్టినప్పుడు మాత్రం చాలామంది తడబడేవారు. తల కాస్త అటూ ఇటూ తిప్పుకోనిస్తే వెంటనే సరిగ్గా చూపేవారు. హెడ్‌ఫోన్స్ సరౌండ్‌లోని బలమూ బలహీనతా రెండూ ఆ ఆటలో ఉన్నాయి.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే ఈ ఆనవాళ్లన్నీ పోతాయి. ఎడమ స్పీకర్ ధ్వని ఎడమ చెవికే, కుడి స్పీకర్ ధ్వని కుడి చెవికే పోతుంది; తల అడ్డు ఉండదు, దిక్కును బట్టి డొప్ప చేసే మార్పూ ఉండదు. అందుకే పాట ఎదురుగా ఎవరో పాడుతున్నట్టు కాక మన తల లోపలే మోగుతున్నట్టు ఉంటుంది. ఆ పోయిన ఆనవాళ్లను లెక్క కట్టి తిరిగి ధ్వనిలో కలపడమే సరౌండ్ ప్రోగ్రాం చేసే పని. 7.1 అంటే శ్రోత చుట్టూ ఏడు స్పీకర్లు, గుండెల్లో అదిరే లోతైన శబ్దాలకు వేరుగా ఒక సబ్‌వూఫర్. ఆ ఏడింటిలో ప్రతి స్పీకర్ నుంచీ వచ్చే ధ్వని ఎడమ చెవిని ఎలా చేరుతుంది, కుడి చెవిని ఎలా చేరుతుంది అని పద్నాలుగు దారులు లెక్కించి, వాటిని మళ్లీ రెండు పాయలుగా కలిపి హెడ్‌ఫోన్స్‌కు ఇస్తారు. దీనికి వాడే కొలతలను సాంకేతికులు హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. చివరికి వైరులో ప్రయాణించేవి మాత్రం రెండే చానళ్లు. మామూలు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్నులో వినేందుకు ఎడమ, కుడి తప్ప మూడో చానల్‌కు చోటే లేదు. ఒక్కో వైపు మూడు నాలుగు చిన్న స్పీకర్లు అమర్చిన నమూనాలు కొన్ని ఉన్నమాట నిజమే గానీ, అవన్నీ చెవికి అంగుళం దూరంలోనే ఉంటాయి కనుక గది మూలల్లో పెట్టిన స్పీకర్లకు సాటి రావు.

ఇక మా మనవడి విషయంలో జరిగిందేమిటో చెబుతాను, ఎందుకంటే ఇదే ఇబ్బంది అనేక ఇళ్లలో ఉంటుందని నా నమ్మకం. ఆ హెడ్‌ఫోన్స్ వైరు మధ్యలో యూఎస్‌బీ సౌండ్ కార్డు (ధ్వనిని తయారుచేసి ఇచ్చే చిన్న పరికరం) ఉంది, దాని మీద ‘7.1’ అనే మీట ఉంది. దాన్ని వాడు నొక్కి ఉంచాడు. స్నేహితుడెవరో చెప్పగా విండోస్‌లో సరౌండ్ లెక్క వేసే స్పేషియల్ సౌండ్ అనే అమరికను కూడా ఆన్ చేశాడు. వాడు ఆడే గేములో కూడా హెడ్‌ఫోన్స్ కోసం సరౌండ్ అమరిక ఉంటే అదీ పెట్టుకున్నాడు. సినిమాకు రెండు సార్లు, గేముకు మూడు సార్లు ఒకే ధ్వనికి చెవి డొప్పల లెక్క వేస్తే, ఒకసారి వడకట్టిన కాఫీని మళ్లీ అదే పొడి మీద పోసినట్టు, రుచి చెడుతుంది తప్ప చిక్కదనం రాదు. మాటలు బావిలోంచి వచ్చినట్టు ఉండటానికి కారణం అదే. మీటను ఆపేసి, గేములోని అమరికను ఆపి, విండోస్‌లోనిది ఒక్కటే ఉంచాక, సినిమాలో వాన చప్పుడు మా గది కిటికీ వైపు నుంచి వస్తున్నట్టు వినిపించి, వాడు నిజంగానే హెడ్‌ఫోన్స్ తీసి కిటికీ వైపు చూశాడు. ఎప్పుడైనా ఈ మూడింటిలో ఒక్కటే ఆన్‌లో ఉండాలి. గేములోనే మంచి అమరిక ఉంటే దాన్ని ఉంచి మిగిలినవి ఆపడం మేలు, ఎందుకంటే ఏ అడుగు చప్పుడు ఎక్కడ పుట్టిందో గేముకు ఖచ్చితంగా తెలుసు.

విండోస్ 10కు 2017లో వచ్చిన క్రియేటర్స్ అప్‌డేట్‌తో ‘విండోస్ సోనిక్ ఫర్ హెడ్‌ఫోన్స్’ అనే ఈ ఏర్పాటు వచ్చింది, విండోస్ 11లోనూ ఉంది. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు, ఏ హెడ్‌ఫోన్స్‌తోనైనా పనిచేస్తుంది. మనం ఎంచుకునేదాకా అది ఆన్ కాదు, అందుకే చాలామందికి దాని ఉనికే తెలియదు. తెర కింది పట్టీలో కుడి మూలనున్న స్పీకర్ గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కి, సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అక్కడ మన హెడ్‌ఫోన్స్ పేరు మీద నొక్కితే, కిందికి వెళ్లేకొద్దీ ‘స్పేషియల్ సౌండ్’ అనే వరుస కనిపిస్తుంది. అందులోనే డబ్బు చెల్లించి వాడుకునే డాల్బీ అట్మాస్, డీటీఎస్ అమరికలను కూడా చేర్చుకోవచ్చు; వీటిని కొనేముందు కొన్నాళ్లు ఉచితంగా విని చూసే వీలుంది. అట్మాస్ 2012లో సినిమా హాళ్లలోకి వచ్చిన పద్ధతి. ధ్వనిని ఫలానా స్పీకర్‌కు అని కట్టిపడేయకుండా, గదిలో ఫలానా చోట అని గుర్తుపెట్టి, హాలులో ఉన్న స్పీకర్లను బట్టి అప్పటికప్పుడు పంచుతుంది. పెద్ద హాలులో తల మీదుగా హెలికాప్టర్ పోయినట్టు అనిపించేది అందువల్లే. ఆ గుర్తులు ఉన్న సినిమాకే హెడ్‌ఫోన్స్‌లోనూ పూర్తి ఫలితం దక్కుతుంది.

ఇక్కడ మరో అపోహ తొలగాలి. రికార్డింగ్‌లో లేని దిక్కును ఏ సెట్టింగూ నమ్మదగినట్టు పుట్టించలేదు. బ్రౌజర్‌లో చూసే వీడియోల్లో అనేకం రెండు చానళ్ల ధ్వనితోనే వస్తాయి. అప్పుడు స్పేషియల్ సౌండ్ ఆన్ చేసినా పెద్ద మార్పు కనిపించదు, అది హెడ్‌ఫోన్స్ దోషం కాదు. 1950లలో మోనోలో, అంటే ఒకే చానల్‌లో రికార్డయిన మన పాత పాటలకైతే ఈ అమరికలను దూరంగా ఉంచాలని నా గట్టి అభిప్రాయం. ఆ పాటల్లో గాయకుడి గొంతు మైకుకు దగ్గరగా, నిండుగా ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి హాలు ప్రతిధ్వనిలో ముంచితే పాట ప్రాణం పోతుంది. బొమ్మ తల చెవుల్లో మైకులు పెట్టి రికార్డు చేసిన ధ్వనులు కూడా ఇంటర్నెట్‌లో చాలా దొరుకుతాయి, మంగలి షాపులో కత్తెర మన చెవుల చుట్టూ తిరుగుతున్నట్టు ఉండేవి ఆ కోవలోవే. దుకాణాల్లో కొందరు వీటినే వినిపించి తమ హెడ్‌ఫోన్స్ గొప్పదనంగా చూపుతున్నారు. ఆ రికార్డింగ్‌లోనే చెవి డొప్పల ఆనవాళ్లు ఉంటాయి కనుక వంద రూపాయల ఇయర్‌ఫోన్స్‌లో కూడా అవి అలాగే తిరుగుతాయి. కొనేవారు ఆ నమూనాకు లొంగకుండా, తాము రోజూ చూసే సినిమానో ఆడే గేమునో పెట్టి చూపించమని అడగాలి.

అన్నీ సరిగ్గా పెట్టుకున్నా అందరికీ ఒకేలా వినిపించదన్నది కూడా చెప్పాలి. హెచ్‌ఆర్‌టీఎఫ్ కొలతలను ఎవరో ఒకరి తల మీద తీయక తప్పదు. 1972లో తయారైన కీమార్ అనే బొమ్మ తలతో 1994లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 710 స్థానాల నుంచి ధ్వనులను కొలిచి, ఆ లెక్కలను అందరికీ ఉచితంగా ఇచ్చారు. అలాంటి సగటు చెవికి కుదిరిన లెక్క నా చెవికి అంతగా కుదరకపోవచ్చు, ఎందుకంటే ఏ ఇద్దరి చెవి డొప్పలూ ఒక్కటి కావు. కుడి ఎడమలు అందరికీ సరిగ్గానే వస్తాయి. ఎదుటి నుంచి రావలసిన ధ్వని వెనక నుంచో తల పై నుంచో వచ్చినట్టు కొందరికి అనిపిస్తుంది. మా మనవడికి ఎదుటి నుంచి వినిపించిన మోటారు సైకిల్ నాకు వెనక నుంచి వినిపించింది. గోల్కొండ దగ్గర పిల్లలు చేసినట్టు తల తిప్పి సరిచూసుకుందామంటే, మామూలు హెడ్‌ఫోన్స్‌లో ధ్వని కూడా తలతోపాటే తిరుగుతుంది. తల కదలికను పసిగట్టి ధ్వనిని నిలకడగా ఉంచే ఖరీదైనవి ఉన్నాయి, వాటిలో ఈ తికమక బాగా తగ్గుతుంది. ఈ కారణం వల్లే, విని చూడకుండా హెడ్‌ఫోన్స్ కొనడమంటే కొలత ఇవ్వకుండా చొక్కా కుట్టించుకోవడమేనని నేను అంటాను.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడేవారికి ఒక్క మాట. వాటి మైకును కంప్యూటర్ వాడటం మొదలుపెట్టగానే చాలా హెడ్‌ఫోన్స్ ఫోన్ సంభాషణ పద్ధతిలోకి మారి, ధ్వని ఒకే చానల్‌కు కుంచించుకుపోతుంది. గేము ఆడుతూ స్నేహితులతో మాట్లాడేటప్పుడు సరౌండ్ మాయమవడానికి కారణం అదే. వైరు ఉన్నవి గానీ, వేరే మైకు గానీ వాడితే సరిపోతుంది.

వినికిడి గురించి చెప్పకుండా ఈ లేఖను ముగించలేను. మాది చిక్కడపల్లిలో గోడకు గోడ ఆనుకున్న ఇల్లు. మా గదిలో ఫ్యాను చప్పుడు, వీధిలో బళ్ల చప్పుడు రాత్రి పదింటి దాకా ఆగవు. ఇలాంటి ఇళ్లలో పెద్ద స్పీకర్లు పెట్టి పక్కవారి నిద్ర చెడగొట్టకుండా సినిమాను నిండుగా వినడానికి హెడ్‌ఫోన్స్ సరౌండ్ నిజంగా ఒక వరం, అందుకే దాని గురించి ఇంత శ్రద్ధగా రాస్తున్నాను. కానీ బయటి రొదను మించి వినాలని వాల్యూమ్ పెంచుతూ పోవడం ఎక్కువవుతోంది. సరౌండ్ ఆన్ చేశాక మాటలు కాస్త వెనక్కి తగ్గినట్టు అనిపించడం వల్ల కూడా చేయి వాల్యూమ్ మీదికే పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి రూపొందించిన ప్రమాణం ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ కాలం సగానికి తగ్గుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు, 89 దగ్గర 5 గంటలే. చెవి లోపల ధ్వనిని గ్రహించే సన్నని రోమ కణాలు ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. రొద ఎక్కువున్న ఇంట్లో చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ ఎంచుకుంటే తక్కువ వాల్యూమ్‌లోనే అన్నీ వినిపిస్తాయి. వెనక జాలీ ఉన్నవి ధ్వనిని విశాలంగా వినిపిస్తాయి గానీ, వాటికి నిశ్శబ్దమైన గది కావాలి.

నా భార్యకు ఆరేళ్ల క్రితం ఎడమ చెవి వినికిడి పూర్తిగా పోయింది. మనవడి హెడ్‌ఫోన్స్ పెట్టి సినిమా చూపిస్తే, సగం సంగతులు తనకు అందడం లేదని ఆమె బాధపడింది. ఎడమ పక్కకు పంచిన ధ్వనులు ఆమెకు చేరనే లేదు. అప్పుడు విండోస్ సెట్టింగ్స్‌లోని యాక్సెసబిలిటీ విభాగంలో, ఆడియో అన్న చోట ‘మోనో ఆడియో’ ఆన్ చేశాం. రెండు చానళ్లూ కలిసి రెండు వైపులా ఒకేలా వస్తాయి కనుక ఇప్పుడు ఒక్క మాట కూడా పోకుండా వింటోంది. ఒక చెవి పనిచేయని వారు, వయసు మీద పడి ఒక వైపు వినికిడి తగ్గిన వారు మన నగరంలో ఎందరో ఉంటారు. వారిలో చాలామందికి ఈ ఏర్పాటు గురించి చెప్పేవారే లేరు.

మీ పత్రిక ద్వారా తయారీదారులనూ, అమ్మకందారులనూ కోరేది ఇది. ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు పేరు, చిరునామా ముద్రించాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల) నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. ‘7.1’ అని రాసే డబ్బా మీద ఆ అంకె పక్కనే, ఒక్కో వైపు ఎన్ని స్పీకర్లు ఉన్నాయో, సరౌండ్ ప్రభావం కంప్యూటర్ ప్రోగ్రాం వల్ల వస్తుందో సౌండ్ కార్డు వల్ల వస్తుందో, ఆ మీటను ఎప్పుడు ఆపి ఉంచాలో తెలుగులో రెండు వాక్యాలు అచ్చువేయడం వారికి భారం కాదు. దుకాణదారులు బల్ల మీద ఒక కంప్యూటర్‌ను, విని చూడటానికి ఒక జతను ఉంచి, పది నిమిషాలు కొనుగోలుదారుకు ఇవ్వాలి. మీ సాంకేతిక విభాగం వారు కొత్త హెడ్‌ఫోన్స్‌ను పరిచయం చేసేటప్పుడు ధరనూ రంగునూ చెప్పి ఊరుకోకుండా, ఉచితంగా ఉన్న అమరికతో పోల్చి, తేడా ఎంత వినిపించిందో కూడా రాస్తే బాగుంటుంది. ఈలోగా కొత్తవి కొనాలనుకునేవారు, ఇంట్లో ఉన్న పాత హెడ్‌ఫోన్స్‌తోనే ఒక వారం పాటు స్పేషియల్ సౌండ్‌ను ఆన్ చేసి, ఆపి, రెండు విధాలా విని చూసుకోవలసిందిగా మనవి. మా మనవడు దుకాణంవారు అడిగిన ఆ రెండు వేలను ఇంకా ఇవ్వలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
చిక్కడపల్లి, హైదరాబాదు.